గడప మీద గడప

పోయిన వారం గేటక్కను మనం చెరువు గట్టు మీద, చేతిలో తడి గడకర్రతో, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండగా వదిలి వచ్చాం. మనకు వారం గడిచింది గానీ ఆవిడకు అయిదు నిమిషాలు కూడా కాలేదు. ఇంకా అక్కడే ఉంది.

జరిగింది చిన్న సంగతే. తూముకు నాచు అడ్డం పడితే తోసేద్దామని గడకర్ర నిలువునా దింపింది. కర్ర తూము గడపకు తగిలి ఆగింది. పైకి తీసి చూస్తే తడి ఏడున్నర అడుగుల గుర్తు దగ్గరే ఆగింది. పక్కన రాతిగోడ మీద తెల్లరంగు గీతల కొలబద్ద మాత్రం తొమ్మిది అడుగులంటోంది. మళ్లీ దింపింది. నాలుగు వేళ్లు అటు జరిపి మళ్లీ దింపింది. అన్నిసార్లూ ఏడున్నరే. మూరెడు తేడా.

మూరెడే కదా అని తీసిపారెయ్యకండి. గట్టుకు అడ్డంగా రాతిగోడ, ఆ గోడలో మనిషి వంగి దూరేంత సందు, ఆ సందుకు ఇనుప గేటు, గేటు కింద గడప. తూమంటే ఇంతే. గడపకు పైన ఉన్న నీళ్లే కాలువలోకి వస్తాయి. కిందివి చేపలకీ కప్పలకీ. అందుకని కొలబద్ద మీద సున్నా సరిగ్గా గడప దగ్గర మొదలవ్వాలి. గడప మూరెడు పైకి లేచి, కొలబద్ద పాతచోటే ఉండిపోతే, ఊరంతా రాని నీళ్లను చూసుకుని మురిసిపోతున్నట్టు లెక్క.

గేటక్క పని ఆ లెక్కే. పొద్దున్నే కొలబద్ద చూసి నీళ్ల సంఘం బోర్డు మీద రాయడం, ఎవరి వంతు వస్తే వాళ్లకు ఇనుప హ్యాండిల్ తగిలించి గేటు తిప్పడం. తండ్రి చేసిన పని. ఆయన పోయాక పద్నాలుగేళ్లుగా ఈవిడ చేస్తోంది. జ్వరమొచ్చినా బోర్డు ఖాళీగా వదల్లేదు. ఆవిడ రాసిన అంకె చూసే ఈసారి రెండో పంటకు సంఘం సరేనంది. వానల పంటకు చెరువు నిండి పొర్లింది కాబట్టి మూరెడు లోటు ఎవరికీ కనపడలేదు. ఇప్పుడు వానలు లేవు. చెరువులో ఉన్నదే నీరు. నాట్లు పడి ఇరవై అయిదు రోజులైంది, పైరు పచ్చగా పిలకలు వేస్తోంది.

ఆవిడ గట్టు మీదే చతికిలబడి వేళ్ల మీద లెక్క వేసింది. రోజుకెంత దిగుతుంది, ఎండకెంత పోతుంది, కోతకు ముందు ఎప్పుడు ఆపాలి. ఎటు తిప్పి వేసినా ఒకటే అంకె తేలింది. పదమూడు రోజులు తక్కువ. ఆ పదమూడు రోజులూ పంట మొదట్లో వచ్చేవి కావు. సరిగ్గా గింజ పాలు పోసుకునేప్పుడు, ఒక్కపూట నీరు తప్పినా తాలు మిగిలేప్పుడు వస్తాయి. నాలుగు వందల ఎకరాలు.

ఇది చాలదన్నట్టు ఆ సాయంత్రం నాలుగింటికి సంఘం మీటింగు. చెరువులో తొమ్మిది అడుగులుంది కాబట్టి ఎగువన ఇంకో తొంభై ఎకరాలకు కూడా నీళ్లు వదులుదామని ప్రెసిడెంటుగారి ఆలోచన. నారు కూడా సిద్ధంగా ఉంది.

గేటక్క దిగ్గున లేచింది. ఆ వెంటనే కోపం వచ్చింది. కోపం వస్తే కాస్త ఊపిరాడుతుంది కదా, ఆవిడ దాన్నే పట్టుకుంది. పోయిన ఎండాకాలం చెరువు ఎండినప్పుడు ఆ గడప బాగుచేసింది పరాయివాడు కాదు, సొంత అన్న. తాపీమేస్త్రీ. గడకర్ర అక్కడే పడేసి సైకిలెక్కింది.

*

మేస్త్రీ ధాన్యం గిడ్డంగి దగ్గర ఉన్నాడు. రెండో పంట విరగపండబోతోందని సంఘం ఆ గిడ్డంగికి కొత్తగా ఒక గది కడుతోంది. ఆయన పరంజా మీద నిలబడి గోడకు పూత పూస్తున్నాడు.

"అన్నా, దిగు."

"పూత తడి మీదుంది. అక్కణ్ణించే చెప్పు, వినపడుతుంది."

"గోడ ఎక్కడికీ పోదులే. దిగమంటున్నానా!"

మేస్త్రీ దిగాడు. ఆయన నిచ్చెన దిగడం కూడా గోడ కట్టినట్టే ఉంటుంది. ఒక మెట్టు సరిచూసుకున్నాకే రెండోది. గేటక్కకు ఆ నిదానం చూస్తే ఒళ్లు మండిపోయింది.

"ఏంటే, మొహం అలా ఉంది? మీ వదినతో ఏమన్నా గొడవా?"

"తూము గడప ఎంత లేపావు?"

"మూరెడు."

తడుముకోలేదు, బుర్ర గోక్కోలేదు. రేపేం వారమంటే చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. ఆవిడ దారి పొడుగునా కూడగట్టుకొచ్చిన మాటలన్నీ ఒక్క దెబ్బకు చెల్లాచెదురైపోయాయి.

"మూరెడా! ఎంత చల్లగా చెబుతున్నావు! మరి నాకు ఒక్క ముక్క చెప్పాలని లేదా?"

మేస్త్రీ తాపీకి అంటిన సిమెంటు బొటనవేలితో గీకుతూ చెల్లెలి వంక చూశాడు. "చెప్పలేదా?"

"ఎప్పుడు చెప్పావు?"

"మిట్టమధ్యాహ్నం. నువ్వు గొడుగు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చిన రోజు. నేను పాత గడపరాయి మీద గునపం ఆనించాను. నువ్వొచ్చి గునపం పట్టుకున్నావు. గుర్తులేదూ?"

గుర్తొచ్చింది. అన్న గొంతు ఆగకముందే అంతా గుర్తొచ్చింది. నెర్రెలు విచ్చిన చెరువు అడుగు, అరికాళ్లు కాలే వేడి, నల్లటి గడపరాయి. ఆ రాయి నాన్న దించింది. నలుగురు మనుషులు తాళ్లు పట్టుకుంటే, తను సందులో వంగి, రెండు చేతులతో సర్ది కూర్చోబెట్టాడు. ఆయన బొటనవేలు నలిగింది కూడా అప్పుడే. ఆ రాయి మీద గునపం చూసేసరికి గేటక్కకు మనిషి మీదే దెబ్బ పడుతున్నట్టనిపించింది.

"పగలగొట్టకుండా వేస్తే గడప మీద గడపవుతుంది, మూరెడు లేస్తుందన్నాను," మేస్త్రీ నెమ్మదిగా అన్నాడు. "అరిగిపోయిన నున్నటి రాయికీ కొత్త సిమెంటుకీ పొత్తు కుదరదని కూడా అన్నాను. నువ్వు ఏడుస్తున్నావు. లేస్తే లేవనీ, నాన్న చేతిరాయి ముట్టుకోవద్దన్నావు. సరే, కొలబద్ద అయినా మార్చి రాసుకో అన్నాను. రంగు డబ్బా తెస్తానన్నావు."

తెచ్చింది. ఆ రంగు డబ్బా ఇప్పటికీ గట్టు మీద ఆవిడ పడుకునే తూము గదిలో ఉంది. మూత కూడా ఊడదీయలేదు. తెచ్చిన మూడోరోజే వానలు దిగాయి, చెరువు నిండింది, కింది గీతలన్నీ మునిగాయి. డబ్బా మంచం పక్కకు చేరింది. ఆవిడ రోజూ టీ గ్లాసు పెట్టుకునేది దాని మీదే.

అన్న మీద ఎగిరిపడదామని వచ్చిన మనిషికి ఆ కోపం తిన్నగా వచ్చి తన నెత్తినే కూర్చుంటే ఏం చెయ్యాలో తోచదు. గేటక్క సిమెంటు బస్తా మీద కూలబడింది.

"ఎన్ని రోజులు తక్కువొస్తాయి?" మేస్త్రీ అడిగాడు.

"పదమూడు. పాలు పోసుకునేప్పుడు."

ఆయన భార్య రెండెకరాలూ అందులోనే ఉన్నాయి. పొద్దున్నే కలుపు తీయడానికి కూడా వెళ్లింది. తాపీ బకెట్లో పెట్టి చేతులు కడుక్కున్నాడు. పూత ఆరిపోతోంది, అటు చూడను కూడా చూడలేదు.

"ఎవరికైనా చెప్పావా?"

"నీ దగ్గరికే వచ్చాను."

"అయితే నువ్వు చెప్పకు. సాయంత్రం నేను లేచి చెబుతాను. గడప కట్టింది నేను. కొలత తప్పాను, నీకు చెప్పలేదు అంటాను. నీకు ఆ గేటే బతుకు. నాకు ఈ ఊళ్లో కాకపోతే ఇంకో ఊళ్లో గోడలు."

దాచడం మర్యాద కాదు కాబట్టి చెబుతున్నాను, ఆ మాట వినగానే గేటక్కకు హాయిగా అనిపించింది. ఎండలో నడిచొచ్చిన మనిషికి నీడ దొరికినట్టు. కొలత తప్పే మేస్త్రీని పక్క ఊరివాళ్లయినా పిలవరని ఆవిడకు తెలుసు. అయినా వద్దనలేదు. అవుననీ అనలేదు. "చూద్దాంలే" అని నీళ్లు నమిలి సైకిల్ తీసింది. గిడ్డంగి మలుపు తిరిగేదాకా అన్న తనవంకే చూస్తున్నాడని తెలుసు. వెనక్కి తిరగలేకపోయింది.

*

తూము వైపు వెళ్లాల్సిన సైకిల్ కాలువ వెంబడి కిందికి వెళ్లింది. ఎందుకని అడిగితే ఆవిడా చెప్పలేదు. పన్నెండు గంటల ఎండలో, కాలువ చివర ఆఖరి మడి దగ్గర ఆగింది.

ఆ మడి చివరాయనది. నీళ్ల వంతు ఆఖర్న వచ్చేది ఆయనకే. పైవాళ్లు తోడుకోగా మిగిలింది వస్తే వచ్చినట్టు. పద్నాలుగేళ్లలో గేటక్క దగ్గరికి ఆయన రాని వారం లేదు, తిట్టని వారమూ లేదు. ఆయన్ని చూస్తే ఆవిడ తూము గది తలుపు దగ్గరికి వేసుకునేది.

"ఏంటమ్మా, దారి తప్పావా?" చివరాయన గట్టు మీద పార పక్కనపెట్టి కూర్చున్నాడు. "నువ్వే నా మడి దాకా వచ్చావంటే నీళ్లు కూడా వస్తాయేమో చూడాలి."

మామూలు రోజైతే ఆవిడా ఒకటి అంటించేది. ఇప్పుడు ఆవిడ చూపు మడిలో ఉంది. నీరు లేదు. బురద ఆరి వెంట్రుకవాసి పగుళ్లు పడ్డాయి. పైరు మాత్రం ఎంచక్కా నిలబడి ఉంది. పైన మోకాలి నీళ్లలో నానే మడుల కంటే కుదుళ్లు బలంగా ఉన్నాయి.

"తాతా, ఎన్నాళ్లయింది తడి తగిలి?"

"అయిదు రోజులు. రేపు నా వంతు. ఎప్పుడూ ఇంతే కదా, కొత్తగా అడుగుతావేం?"

"మరి దిగుబడి?"

చివరాయన నవ్వాడు. ఒక దుబ్బు పట్టుకుని పీకాడు. మామూలుగా ఊడొచ్చేది కాదు, రెండు చేతులూ వెయ్యాల్సొచ్చింది. వేళ్లు జానెడు పైనే ఉన్నాయి, తెల్లగా. "నీళ్ల కోసం అది కిందికి పోయింది. ఇప్పుడు ఆరబెట్టినా ఏం కాదు. లోపల వెన్ను పడి పొట్టకొచ్చాక మాత్రం ఒక్కరోజు కూడా తప్పకూడదు, అప్పుడు నీ కాళ్లావేళ్లా పడేది అందుకే. ఇన్నేళ్లూ నా ఏడుపు విన్నావు గానీ నా పంట ఒక్కసారి చూడ్డానికి రాలేదు."

గేటక్కకు సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే లెక్క కదిలింది. అయిదు రోజులు ఆపి ఒకరోజు తడి. పైరు పొట్టకు రావడానికి ఇంకా నెలరోజులుంది. ఈ నెలలో అన్ని మడులూ ఇలా ఆరీ తడిసీ ఉంటే పదమూడు రోజుల నీళ్లు మిగులుతాయి. బొటాబొటిగా. ఇవాళే మొదలుపెడితే. రేపంటే పన్నెండు, వచ్చే వారమంటే ఎనిమిదో తొమ్మిదో. పైన ఇంకో తొంభై ఎకరాలు చేరిస్తే లెక్కే లేదు.

దారి ఉంది. ఆ దారి ఉన్నందుకే ఇప్పుడు ఆవిడకు భయమేసింది. పైరు పచ్చగా ఉండగా మడి ఆరబెట్టమంటే ఎవరైనా ఊరికే ఒప్పుకుంటారా? ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలి. అన్న మీద పెట్టి చెబితే సగమే చెప్పినట్టు. సగం చెప్పినవాళ్ల మాట మీద మిగతా సగం ఎవరు నమ్ముతారు?

ఆ దుబ్బు అడిగి తీసుకుని సైకిల్ హ్యాండిల్‌కు కట్టుకుంది.

*

సంఘం హాలు పెద్దదేం కాదు. యాభై ఇనుప కుర్చీలు, ఒక బల్ల, తిరిగిన దానికంటే ఎక్కువ చప్పుడు చేసే ఫ్యాను. ప్రెసిడెంటుగారు వానాకాలమైనా ఎండాకాలమైనా గొడుగు లేకుండా గడప దాటరు. ఇప్పుడూ ఆ గొడుగు కుర్చీ చేతికి వేలాడుతోంది. వెనకగోడకు బోర్డు. దాని మీద పొద్దున గేటక్క రాసిన అంకె. తొమ్మిది.

ముందు వరసలో మేస్త్రీ. చివరి వరసలో కలుపు తీసి తిన్నగా వచ్చిన వదిన, కాళ్లకు ఆరిన బురదతో. ఆవిడకు ఇంకా ఏమీ తెలియదు.

"శుభవార్తతో మొదలుపెడదాం," ప్రెసిడెంటుగారు బోర్డు వంక చెయ్యి చూపించారు. "తొమ్మిది అడుగులు. ఇన్ని నీళ్లు పెట్టుకుని పై తొంభై ఎకరాలు బీడు పెట్టడం పాపం. రేపటి నుంచి..."

"ఒక్క మాట," అంటూ మేస్త్రీ లేచాడు. గొంతు సవరించుకున్నాడు. "ఆ తూము గడప కట్టింది నేను. అందులో..."

"కూర్చో అన్నా."

గేటక్క గొంతు అంత గట్టిగా వస్తుందని ఆవిడకే తెలియదు. అందరూ తిరిగి చూశారు. బోర్డు దగ్గరికి నడిచి, చేత్తోనే తొమ్మిదిని తుడిచేసి, ఏడున్నర అని రాసింది. సుద్దముక్క రెండుసార్లు విరిగింది.

తర్వాత మొత్తం చెప్పింది. గడకర్ర, మూరెడు తేడా, పదమూడు రోజులు. గునపం పట్టుకున్న మధ్యాహ్నం కూడా దాచలేదు. "మేస్త్రీ చెప్పాడు. రాయి తియ్యొద్దన్నది నేను. కొలబద్ద మార్చనిది నేను. రంగు డబ్బా నా గదిలోనే ఉంది."

హాలు హాలంతా లేచింది.

"అంటే రోజూ నువ్వు రాసిందంతా అబద్ధమా?"

"మా నారు ముదిరిపోతోంది, మేమేం కావాలి?"

"నాన్న రాయి కోసం నాలుగు వందల ఎకరాలు ఎండబెట్టావా తల్లీ!"

ఆ ఆఖరి మాట నేరుగా వచ్చి గుండెలో గుచ్చుకుంది. ప్రెసిడెంటుగారు గొడుగుతో బల్ల మీద టకటక కొట్టారు. అందరూ సద్దుమణిగాక, అరవకుండా, చెయ్యి చాపారు.

"గేటు హ్యాండిల్ ఇక్కడ పెట్టమ్మా."

సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. తండ్రి అరచెయ్యీ తన అరచెయ్యీ రుద్దిరుద్ది నున్నగా అయిన ఇనుప హ్యాండిల్. అది లేని సంచి భుజానికి ఏదోలా తగిలింది. కానీ ఏడవడానికి టైము లేదు. దుబ్బు తీసి హ్యాండిల్ పక్కనే పెట్టింది.

"ఇది తాత మడిలోది. అయిదు రోజులుగా నీళ్లు లేవు. వేళ్లు చూడండి. నన్ను ఉంచుతారో తీసేస్తారో తర్వాత తేల్చండి. ఇవాళ గేటు మూయండి. అయిదు రోజులు ఆపి, ఒకరోజు తడి. పొట్టకొచ్చేదాకానే. ఇవాళ మొదలుపెడితే గట్టెక్కుతాం. రేపంటే ఆ లెక్క నాకు రాదు."

"వరిని ఆరబెట్టమంటావా?" ఎవరో వెటకారంగా నవ్వారు.

"నా వరి ఇన్నేళ్లుగా ఆరుతూనే ఉంది," చివరాయన లేచాడు. "మీరంతా కలిసి ఆరబెట్టిందే. ఒక్క ఏడాదైనా మీకంటే తక్కువ పండిందేమో చెప్పండి. ఈ అమ్మాయిని తిట్టే హక్కు ఈ హాల్లో అందరికంటే నాకే ఎక్కువ. నేనే రేపటి నా వంతు కూడా వదులుకుని ఊరుకున్నాను."

గొణుగుడు తగ్గింది. ప్రెసిడెంటుగారు దుబ్బును తిప్పితిప్పి చూశారు. "సరే. చెప్పడం తేలిక. తూము మూస్తే ఎవరి మడి ముందు ఎండుతుంది? ఎవరు ఒప్పుకుంటారు?"

"మా అన్న మడి," అంది గేటక్క.

అనేసిన తర్వాత గానీ తెలియలేదు ఏమందో. ఆవిడకు సెంటు భూమి లేదు. ఆ రెండెకరాలు దుక్కి దున్నించింది, నాటు వేయించింది, పొద్దున్నుంచీ వంగి కలుపు తీసింది వదిన. తల తిప్పి చూసేసరికి వదిన అప్పటికే లేచి నిలబడింది.

"నన్నడిగావా అమ్మాయ్?"

"లేదు వదినా."

"రాయి తీయాలో వద్దో సంఘాన్ని అడగలేదు. ఇప్పుడు నా మడి ఎండబెట్టాలంటే నన్నడగలేదు. అడగడమన్నది మీ ఇంటా వంటా ఉన్నట్టు లేదు."

మేస్త్రీ తల దించుకున్నాడు. గేటక్కకు భూమి చీలితే బాగుండుననిపించింది. వదిన కుర్చీల మధ్య నుంచి తోసుకుంటూ బల్ల దగ్గరికొచ్చింది. దుబ్బు వేళ్లు వేలితో లాగి చూసింది. తర్వాత గేటు హ్యాండిల్ చేతిలోకి తీసుకుంది.

"పదండి. నా మడి ఎండబెట్టే గేటు ఇంకొకరి చేత మూయించను. నేనే మూస్తాను. ఇది గనక తేడా కొట్టిందా, నిన్ను ఆ చెరువులోనే ముంచుతాను అమ్మాయ్."

ప్రెసిడెంటుగారు గొడుగు తీసుకుని లేచారు. "తొంభై ఎకరాల మాట ఆపండి. ముందు గేటు."

*

పొద్దు వాలుతుండగా సగం ఊరు గట్టు మీదుంది. వదిన హ్యాండిల్ తగిలించింది. గేటక్క పక్కన నిలబడి పైకే లెక్కపెట్టింది. ఇంత తెరిచిన గేటు మూసుకోవాలంటే ఇరవై రెండు తిప్పులు. కళ్లు మూసుకునైనా చెప్పగలదు. పదిహేను దగ్గర వదిన ఆగి చెమట తుడుచుకుంది. సాయం పడతానంటే వద్దంది. ఇరవై. ఇరవై ఒకటి. ఇరవై రెండు.

ఠంగుమని ఇనుము ఆగింది. ఇంక ఒక్క వెంట్రుక కూడా కదల్లేదు.

"మూసుకుంది," అంది గేటక్క. వదిన హ్యాండిల్ ఊడదీసి, ఆవిడ చేతిలో పెట్టింది. బల్ల మీద కాదు, చేతిలో.

అందరూ కాలువ వైపు తొంగిచూశారు. గేటు మూశాక సందులో మిగిలిన నీళ్లు పోవడానికి కాసేపు పడుతుంది. ఆ తర్వాత చిటికెన వేలంత ధార ఉంటుంది, ఏ గేటుకైనా ఉండేదే. వానల పంట కోతలప్పుడు కూడా అంతే ఉంది. కాసేపైంది. ఇంకాసేపైంది. కాలువలో నీళ్లు సగానికి తగ్గి అక్కడే ఆగాయి. మోకాలి బంటిగా, గలగలమంటూ, ఏ తొందరా లేకుండా పోతూనే ఉన్నాయి.

"ఇంకో తిప్పు తిప్పు," ఎవరో అన్నారు.

"తిప్పడానికి లేదు. గేటు కూర్చుంది," అంది గేటక్క.

మేస్త్రీ పంచె ఎగ్గట్టి కాలువలోకి దిగాడు. వంగి సందులోకి వెళ్లాడు. చాలాసేపు కనపడలేదు. బయటికి వచ్చినప్పుడు మోచేతుల దాకా తడి, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"గేటు బాగానే ఉంది," అన్నాడు చెల్లెలికి మాత్రమే వినపడేలా. "నీళ్లు గేటు కింద నుంచి రావట్లేదు."

"మరి?"

ఆయన చెయ్యి అందించాడు. గేటక్క కూడా దిగింది. సందులోకి వంగింది. లోపల చీకటి, నాచు వాసన, చెవులు గింగురుమనే హోరు. ముందు చేతికి ఇనుము తగిలింది, కదలకుండా, గట్టిగా. దాని కింద అన్న వేసిన సిమెంటు గడప. ఇంకా కిందికి తడిమింది. నున్నగా, చల్లగా, నాన్న రాయి. ఎండాకాలంలో ఆ రెండింటి మధ్య కత్తి అంచు కూడా దూరలేదు.

ఇప్పుడు నాలుగు వేళ్లూ దూరాయి. తర్వాత అరచెయ్యి దూరింది. మణికట్టు దాకా పోయింది. చెరువంతా ఆ చేతిని తోసుకుంటూ బయటికి వస్తోంది.

"అన్నా," అంది, "ఇది గనక ఊడితే..."

మాట పూర్తికాలేదు. ఆవిడ చేతి మీద గడప కదిలింది.